అన్ని ఇళ్ల బియ్యం

ఆగస్టు 4, సోమవారం

చెన్నై బస్సు తిరుపతిలో దిగి, పాకాల బస్సు ఎక్కాలి. దిగాను. ఎక్కలేదు. ఒక బస్సు పోయింది, ఇంకొకటీ పోయింది. కండక్టరు నా పెట్టె చూసి, "యమ్మా, వస్తావా రావా, ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. రానన్నాను.

కోమలికి ఫోన్ చేశాను. ఇంటర్లో నా పక్కన కూర్చునేది. ఇప్పుడు శ్రీ సిటీలో ఫోన్ల ఫ్యాక్టరీలో పని, ఇక్కడ ఒంటిగది అద్దె. తలుపు తీయగానే నవ్వింది. "ఏమే అమలా, కంబోడియా నుంచి తిరపతికి దారి తప్పినావా? ఏం మిషనరీవమ్మా నువ్వు, ఆడుండే జనమంతా అప్పుడే మారిపోయినారా?"

నా మొహం చూసి నవ్వు ఆపేసింది. చాప పరిచింది. "పండుకో. రేపు మాట్లాడుకుందాం" అని షిఫ్టుకు పోయింది.

రెండేళ్లకని పంపారు. ఎనిమిది నెలలకే వచ్చేశాను. ఇక్కడ రెండు రోజులుండి ఊరికి పోతాను. అమ్మకు ఎలా చెప్పాలో ఆలోచించుకోవడానికి రెండు రోజులు చాలు.

ఆగస్టు 6

రేపు పోతాను.

ఆగస్టు 8

శనివారం బస్సుల్లో కాలు పెట్టడానికి సందుండదు. ఆదివారం అయ్యాక పోతాను.

ఆగస్టు 10, ఆదివారం

పొద్దున్నే తిరుమలయ్య అయ్యగారి మెసేజ్. మా పాస్టరు ఆయన. పేరు మార్చుకోమని ఎందరు చెప్పినా, "పేరు మా నాయన పెట్టినాడు, ఆయన్ని యాడ మార్చేది" అని నవ్వేసిన మనిషి. "అమలమ్మా, ఈవారం నీ సాక్ష్యం రాలేదు. ఆరాధన మొదలయ్యేలోపల పంపు తల్లీ."

ప్రతి ఆదివారం అక్కడి పని గురించి నేను వాయిస్ మెసేజ్ పంపితే, అయ్యగారు ఫోన్‌ను మైకు దగ్గర పెట్టి వినిపిస్తారు. ఎనిమిది నెలలుగా అదే అలవాటు. ఈ ఒక్కవారం పంపకపోతే ఊరంతా కంగారు పడుతుంది కదా, అమ్మ నిద్ర పోదు కదా అనుకున్నాను. అమ్మ కోసమే పంపాను. తలుపు మూసి, వీధి చప్పుడు వినపడకుండా దుప్పటి కప్పుకొని మాట్లాడాను. "దేవుడు ఇక్కడ గొప్ప కార్యాలు చేస్తున్నాడు. నా కోసం దిగులు పడొద్దు, ప్రార్థన చేయండి." ఎప్పుడూ చెప్పే మాటలే. నోటికి వచ్చేశాయి.

ఇక ఈవారం ఎలా పోను? కంబోడియా నుంచి సాక్ష్యం పంపినదాన్ని మర్నాడు పాకాల బస్సులో ఎలా దిగను?

ఆగస్టు 13

కోమలికి విసుగొచ్చింది. "అసలు ఏం జరిగిందే ఆడ? ఎవురైనా ఏమైనా చేసినారా? చెప్పు, నోరు విప్పు."

ఏమీ జరగలేదు. జరిగి ఉంటే చెప్పుకోవడానికి ఒక ముక్క ఉండేది. ఎవరూ తిట్టలేదు, తరమలేదు. పొద్దున్నే సైకిలెక్కి నది పక్క ఇళ్లకు పోయేదాన్ని. చాప వేసి కూర్చోబెట్టి కొబ్బరినీళ్లు ఇచ్చేవాళ్లు. నాకు వచ్చిన నాలుగు మాటలు చెప్పేదాన్ని. నవ్వేవాళ్లు, తల ఊపేవాళ్లు, కాసేపటికి లేచి ఎవరి పని వాళ్లు చూసుకునేవాళ్లు. వాళ్ల దేవుడు వాళ్లకున్నాడు, వాళ్ల చేపలు వాళ్లకున్నాయి. నేను అక్కర్లేదు. చెడ్డదాన్నని కాదు, అక్కర్లేదు అంతే. గదికొచ్చి మోకరిస్తే, స్విచ్ ఆఫ్ చేసిన ఫోన్లో మాట్లాడుతున్నట్టు ఉండేది. ఒకరోజు మంచం మీద నుంచి లేవలేదు. మర్నాడూ లేవలేదు. టీము లీడరు భార్య గంజి తాగించి, టికెట్ తీయించింది. "ఇంటికి పోయి విశ్రాంతి తీసుకో. మీ సంఘానికి నీ నోటితో నువ్వే చెప్పు, అదే మర్యాద" అంది. మంచి మనిషి. నా మర్యాద గురించి ఆమెకు తెలియదు పాపం.

ఇదంతా కోమలికి చెప్పాను. "పోయి మీయమ్మ కాళ్ల మీద పడు. తిడతాది, రెండు పీకుతాది, తర్వాత అన్నం పెడతాది. అమ్మలంతే గదా" అంది.

మా అమ్మ తిట్టదు. అదే కష్టం.

ఆగస్టు 15

అయ్యగారి మెసేజ్: "పోయిన వారం నీ గొంతు దుప్పట్లో నుంచి వచ్చినట్టుండాదమ్మా, వెనక బెంచీలకు వినపడలా. ఈసారి బయట నిలబడి మాట్లాడు."

సరిగ్గా దుప్పటి అనే అన్నారు. మాటవరసకే అనుంటారు.

ఆగస్టు 17, ఆదివారం

మొన్న బస్టాండు దగ్గర లాడ్జిలో పని దొరికింది. కోమలికి తెలిసిన కుప్పుస్వామిగారిది. దుప్పట్లు మార్చాలి, గదులు చూసుకోవాలి, ఉతికినవి మేడ మీద ఆరేయాలి. ఊరు అడిగాడు కానీ మతం అడగలేదు. బొట్టు లేని మొహంతో పోతే కొండకు పోయే జనం ఒక రకంగా చూస్తారని కోమలి స్టిక్కర్ అంటించింది. అద్దంలో చూసుకున్నాను. స్టిక్కరే కదా, ఏమైంది.

ఇవాళ మేడ మీద, తడి దుప్పట్ల మధ్య నిలబడి సాక్ష్యం పంపాను. గాలి బాగుంది. గొంతు స్పష్టంగా వచ్చిందో లేదో నేను మళ్లీ వినలేదు కూడా. నా గొంతు వినాలంటే నాకే అసహ్యం.

అయ్యగారు "అందింది" అని మాత్రం రాశారు. ప్రతిసారీ "దేవునికి స్తోత్రం" అని కూడా రాసేవారు. పని తొందరలో ఉన్నట్టున్నారు.

ఆగస్టు 19

అమ్మ వాయిస్ పంపింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ అయిపోయిందట. కాయల జీడి సొన తగిలి పొక్కిన వేళ్లు ఇప్పుడిప్పుడే మానుతున్నాయట. చివర్లో, "ఆడ వాన పడతా ఉండాదా?" అని అడిగింది.

నిజానికి ఆ పూట ఇక్కడ కుండపోత. "పడుతోందమ్మా, బాగా" అన్నాను. ఒక్క నిజమైనా చెప్పాను.

"ఈడా పడతా ఉండాది" అంది అమ్మ.

ఆగస్టు 30

కుప్పుస్వామిగారు లడ్డు ఇచ్చాడు. కొండ దిగిన యాత్రికులెవరో ఇచ్చారట. తిన్నాను. తీపి తీపే.

"మీ దేవుడు ఏమీ అనడా?" అని కోమలి ఆటపట్టించింది. ఏమైనా అంటే బాగుండును.

సెప్టెంబరు 7, ఆదివారం

పంపాను. మేడ మీద నుంచే. ఏం చెప్పానో గుర్తు లేదు.

అమ్మ: "మన పక్కంతా ఏందో కొత్త జరాలు. నీళ్లు కాంచుకొని తాగు పాపా." కంబోడియాలో ఉన్నదానికి మన పక్క జ్వరాల గోల ఎందుకో. అమ్మకు దూరాలు తెలియవు.

సెప్టెంబరు 16

రూపశ్రీ మెసేజ్. మా వీధి పిల్ల, చిత్తూరులో నర్సింగ్ ఆఖరి సంవత్సరం. సండే స్కూల్లో నా కొంగు పట్టుకొని తిరిగేది.

"అక్కా, ఆ ఆదివారం మైకులో నీ గొంతు విన్నాక నాకు పిలుపు వచ్చింది. చదువు ఆపేస్తున్నాను. నీ తర్వాత నన్ను పంపమని అయ్యగారితో చెప్పాను. స్త్రీల సమాజం ఒప్పుకుంది."

చదివినదే చదివాను. చేతిలో దిండు గలీబు ఉంది, అది ఎటు తొడగాలో తెలియలేదు. నా అబద్ధం విని ఒక పిల్ల చదువు మానేస్తోంది. నర్సు కావాల్సిన పిల్ల. పోయి, ఆ నది పక్క, ఆ మంచం మీద పడుకుంటుంది.

"చదువు ముగించు, తర్వాత చూద్దాం" అని రాశాను. "ఆలస్యం చేయకూడదని నువ్వే చెప్పినావు గదక్కా" అని జవాబు.

ఎప్పుడు చెప్పాను? చెప్పే ఉంటాను. ఏం చెప్పలేదు గనక.

సెప్టెంబరు 21, ఆదివారం

ఇవాళ సాక్ష్యంలో నిజం చెప్పేయాలని మేడ ఎక్కాను. దుప్పట్లు ఆరేసి దిగి వచ్చాను. ఎప్పటిదే పంపాను.

సెప్టెంబరు 27, శనివారం

ఇవాళ చంద్రకాంతమ్మవ్వ డబ్బా ఎత్తుకొని తిరిగే రోజు. స్త్రీల సమాజానికి పెద్ద ఆమె. మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, దేవుని పనికని పక్కన పెడతారు. తమకు లేకపోయినా పెడతారు. శనివారం అవ్వ ఆ పిడికిళ్లన్నీ తన నూనె డబ్బాలో పోయించుకుంటుంది. ఆదివారం మా చర్చి గుడి ముందు వేలం వేస్తారు. నన్ను పంపింది ఆ బియ్యమే.

ఆ బియ్యం ఎవరూ ఇష్టంగా పాడరు. ఒక ఇంటిది రేషన్ బియ్యం, ఒక ఇంటిది సన్నబియ్యం, ఒకరిది దోసెల బియ్యం. కలిపి వండితే ఒకటి ఉడికేలోపల ఇంకొకటి గంజి అవుతుంది. అందుకే చవక, అందుకే ఎక్కువసార్లు మా అమ్మే పాడుకునేది. నేను పెరిగిందంతా ఆ అన్నంతోనే. సగం మెత్తన, సగం పలుకు. మూడు వేళ్లతో నలిపి చూస్తే ఏ గింజ ఎవరింటిదో చెప్పేదాన్ని, అమ్మ నవ్వేది.

ఇవాళ కూడా అవ్వ తిరిగే ఉంటుంది. నా పేరు చెప్పి పోయించుకునే ఉంటుంది.

అక్టోబరు 20

రూపశ్రీ పాస్‌పోర్టు పని మీద గురువారం తిరుపతికి వస్తోందట. అయ్యగారు సంఘం వాట్సాప్ గ్రూపులో రాశారు, ప్రార్థించమని.

చెప్పేస్తాను. ఎదురుగా నిలబడి చెప్పేస్తాను. ఊరు నా మొహాన ఉమ్మేస్తే ఉమ్మేయనీ. ఆ పిల్ల పోకూడదు.

"ఇప్పుడు మనిషివి అయినావు" అంది కోమలి. గురువారం తన చుడీదార్ వేసుకొమ్మంది.

అక్టోబరు 23, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దుట్నుంచీ ముసురు. పాకాల బస్సులు ఆగే చోట గొడుగు పట్టుకొని నిలబడ్డాను. రూపశ్రీ దిగింది, చేతిలో ఫైలు, భుజాన గుడ్డ సంచి. నన్ను చూసింది. అరవలేదు, ఉలిక్కిపడలేదు. నేరుగా వచ్చి గొడుగు కిందికి దూరింది.

"బాగుండావా అక్కా" అంది. తర్వాత నా నుదురు చూసి, కళ్లు దించేసింది. అప్పుడు గుర్తొచ్చింది స్టిక్కర్. పీకేసి ఏం చేయాలో తెలియక అరచేతిలో పెట్టుకున్నాను.

"నీకు తెలుసా?" అన్నాను.

"అందురికీ తెలుసు." పక్కనున్న టీ కొట్టు బల్ల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. "ఆగస్టులో, పంద్రాగస్టు దాటిన ఆదివారం. నువ్వు మాట్లాడతా ఉండావు, గొప్ప కార్యాలు అంటా ఉండావు, వెనకాల నుంచి 'గోవిందా గోవిందా' అని జనం. తర్వాత ఎవురో 'తిరుమల, తిరుమల, ఎక్కండి సామీ' అని అరిసినాడు. మైకులో అక్కా. గుడంతా వినింది."

మేడ కిందే కొండ బస్సులు ఆగుతాయి. ఆ కేకలు పొద్దున్నుంచి పొద్దుపోయే వరకూ నా చెవుల్లో మోగుతూనే ఉంటాయి, రెండో రోజుకే నాకు వినపడటం మానేశాయి.

"అయ్యగారు ఫోన్ తీసేద్దామా అని చెయ్యి ముందుకు పెట్టినాడు. మీయమ్మ ముందు వరసలో లేచి నిలబడింది. అయ్యగారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంతా అయిపోయేదాకా నిలబడే వినింది. అయిపోయినాక ఆమెన్ అనింది. అందురి కంటే గట్టిగా అనింది. ఇంగ మేమందరం అన్నాం."

చుట్టూ జనం ఉన్నా ఏడ్చేశాను. టీ కొట్టతను అటు తిరిగిపోయాడు. రూపశ్రీ నా వీపు మీద చెయ్యి వేసింది, సండే స్కూల్లో నేను తనకు వేసినట్టు.

"మరి ఎవరూ ఎందుకు అడగలేదే? అప్పుడే అడిగి ఉంటే..."

"నిన్ను అడగాలంటే ముందు మీయమ్మను అడగాల. మీయమ్మను ఎవురు అడుగుతారు చెప్పు. ఆ శనివారం కూడా చంద్రకాంతమ్మవ్వ డబ్బా ఎత్తుకొని వచ్చింది. ఒక్క ఇంట్లో కూడా బియ్యం ఆపలా. అవ్వ మాత్రం మా ఇంట్లో కూర్చోని, 'ఇంతమంది కడుపు కట్టుకొని తీసిన బియ్యమే, యాడికి పోతా ఉండాదో' అని కండ్లు తుడుచుకునింది. నేను ఆ దినమే అనుకున్నా, ఎవురో ఒకరు పోవాల గదా అని."

అప్పుడు అర్థమైంది. ఈ పిల్ల నా అబద్ధాన్ని నమ్మి పోవడం లేదు. దాన్ని నిజం చేయడానికి పోతోంది.

చేతులు పట్టుకున్నాను. "వద్దే. అక్కడ ఏమీ లేదు. మన కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. నువ్వు నర్సువి కా. చిత్తూరులో సూది వేసినా పది మందికి పనికొస్తావు. అక్కడ నువ్వు మాట్లాడితే గోడ కూడా వినదు."

"ఈడ మాత్రం మన కోసం ఎవురు ఎదురుచూస్తా ఉండారక్కా?" నవ్వుతూనే అంది. "నేను పోయినాననుకో, మన ఊరి నుంచి ఒక మనిషి ఆడ ఉండాది అనేది నిజమౌతాది. మీయమ్మ తలెత్తుకోని గుళ్లో కూర్చుంటాది. నువ్వు కూడా ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు, పని ముగించుకొని వచ్చినానని."

"నా కోసం నువ్వు పోవద్దు."

"నీ కోసం కాదులే" అంది. కానీ ఆ మాట నా మొహం చూసి అనలేదు.

లేచే ముందు గుడ్డ సంచి నా ఒళ్లో పెట్టింది. "మీయమ్మ ఇచ్చింది. 'తిరపతిలో కనపడితే ఇయ్యి, కనపడకుంటే తిరిగి తెచ్చేయ్' అనింది."

బియ్యం. సంచిలో చెయ్యి పెట్టగానే తెలిసింది. అన్ని ఇళ్ల బియ్యం.

"రమ్మని చెప్పిందా?" అని అడిగాను.

రూపశ్రీ చాలాసేపు ఫైలు తాడు ముడి వేస్తూ కూర్చుంది. "ఇయ్యి అనింది. అంతే అక్కా."

అక్టోబరు 24

పనికి పోలేదు. కోమలి వండింది. "ఇదేం బియ్యమే, సగం ఉడికింది, సగం ఉడకలా" అని తిట్టుకుంది. తిన్నాను. నలిపి చూశాను. ఏ గింజ ఎవరింటిదో ఇప్పుడు తెలియలేదు.

అక్టోబరు 26, ఆదివారం

ఏమీ పంపలేదు.

అమ్మ సాయంత్రం వాయిస్ పంపింది. "ఒళ్లు బాగలేదా పాపా? అయ్యగారు నీ కోసం ప్రార్థన చేయించినాడు. ఆడ వాన నిలిచిందా?"

నిలిచింది అన్నాను.

నవంబరు 19

అయ్యగారు: "అమలమ్మా, ఆదివారం రూపశ్రీ మీద చేతులుంచి ప్రార్థన చేసి పంపుతా ఉండాం. నువ్వు ఆడి నుంచి రెండు మాటలు పంపితే మైకులో పెడతాం."

ఆడి నుంచి! అయ్యగారు అబద్ధమాడే మనిషి కాదు. ఆ రెండు ముక్కలు టైపు చేయడానికి ఆయనకు ఎంత కష్టమైందో.

నవంబరు 23, ఆదివారం

"రూపశ్రీ, పోవద్దు. నేను తిరుపతిలో ఉన్నాను" అని రికార్డు చేశాను. పంపలేదు. పంపితే ఏమవుతుంది? అందరికీ తెలిసినదే అందరి ముందూ చెప్పినట్టవుతుంది. అమ్మ మళ్లీ లేచి నిలబడాలి. ఈసారి దేనికి ఆమెన్ అంటుంది?

చెరిపేశాను. తలుపు మూసి, దుప్పటి కప్పుకొని, "దేవుడు ఇక్కడ గొప్ప కార్యాలు చేస్తున్నాడు" అన్నాను. "చెల్లెలి కోసం ఎదురుచూస్తున్నాను" అన్నాను.

రూపశ్రీ తర్వాత రాసింది, మైకులో బాగా వినపడిందని. అందరూ ఆమెన్ అన్నారట.

నవంబరు 27

పోయింది.

డిసెంబరు 3

కోమలి అడిగింది, ఇంక ఊరికి పోవచ్చు గదా, ఆ పిల్ల పోయింది గదా అని. సంక్రాంతి దాటాక చూస్తానన్నాను. క్రిస్మస్‌కు లాడ్జిలో రద్దీ ఎక్కువ, కుప్పుస్వామిగారు సెలవు ఇవ్వడు. అడగలేదు, కానీ ఇవ్వడు.

డిసెంబరు 14, ఆదివారం

రూపశ్రీ సాక్ష్యం వచ్చింది. అయ్యగారు గ్రూపులో పెట్టారు. కోమలి షిఫ్టు నుంచి వచ్చి పడుకుంది, చెవి దగ్గర పెట్టుకొని విన్నాను.

"దేవుడు ఇక్కడ గొప్ప కార్యాలు చేస్తున్నాడు. నా కోసం దిగులు పడొద్దు, ప్రార్థన చేయండి."

నా మాటలే. మళ్లీ విన్నాను. ఈసారి మాటలు వదిలేసి, వెనక చప్పుడు కోసం విన్నాను. ఆ ఊళ్లో పొద్దున్నే పడవల మోటార్లు మోగుతాయి, కోళ్లు అరుస్తాయి, పక్కింటి ముసలామె రేడియో పెడుతుంది. ఒక్క నిమిషం కూడా నిశ్శబ్దం ఉండదు. దీంట్లో ఏమీ లేదు. గొంతు ఒక్కటే, మందంగా, దగ్గరగా, ఊపిరి చప్పుడుతో సహా.

దుప్పటి కప్పుకొని మాట్లాడితే గొంతు అలాగే వస్తుంది.

పోయి పదిహేను రోజులు దాటిందో లేదో! నాకు ఎనిమిది నెలలు పట్టింది.

"రూపా, పొద్దున లేస్తున్నావా?" అని టైపు చేశాను. చెరిపేశాను. "నిజం చెప్పు" అని టైపు చేశాను. అదీ చెరిపేశాను. గ్రూపులో అప్పటికే వరసగా ఆమెన్లు పడుతున్నాయి. అయ్యగారు, చంద్రకాంతమ్మవ్వ మనవడి ఫోన్ నుంచి అవ్వ, పక్క వీధి వాళ్లు. అమ్మకు టైపు చేయడం రాదు, వాయిస్ పెట్టింది. విన్నాను. చాలా గట్టిగా అంది.

నేనూ ఆమెన్ అని పెట్టాను.

లేచి పొయ్యి వెలిగించాను. అమ్మ పంపిన సంచిలో ఇంకా అడుగున ఉన్నాయి. ఎసట్లో పోయబోయి ఆగి, ఒక పిడికెడు తీసి ఖాళీ డబ్బాలో వేశాను. చప్పుడుకు కోమలి కళ్లు తెరిచింది.

"అవి ఎవురికే?"

"రూపశ్రీకి."

"పోయింది గదా ఆ పిల్ల, ఇంగేంటికి?"

డబ్బా మూత పెట్టి, మిగిలిన బియ్యం కడిగాను.